కరువు ఆకాశానిది, కప్పం రాజుది: వాతావరణ సంక్షోభంలో మన అవకాశం ఎక్కడుంది?

మేడారం జాతరకు పోని గూడెం మన ప్రాంతంలో వెతికినా దొరకదు. చర్ల, దుమ్ముగూడెం, వెంకటాపురం, పినపాక, గుండాల నుంచి రెండేళ్ళకోసారి బళ్ళు కట్టుకుని, ఇప్పుడైతే ఆటోలు, ట్రాక్టర్లు మాట్లాడుకుని పోతాం. గద్దెల దగ్గర బంగారం పెట్టి, జంపన్న వాగులో మునిగి వస్తాం. సమ్మక్క, సారలమ్మల వీరత్వం మనందరికీ తెలిసిందే. అయితే ఆ కథ ఎక్కడ మొదలవుతుందో ఒకసారి గుర్తు చేసుకుందాం. వానలు పడలేదు. వరుసగా కరువు వచ్చింది. పగిడిద్దరాజు కప్పం కట్టలేకపోయాడు. కాకతీయ ప్రతాపరుద్రుడి సైన్యం సంపెంగ వాగు దాటి వచ్చింది. మన పెద్దలు తరతరాలుగా చెప్పుకొస్తున్న మాట ఇది.

ఈ కథలో ఒక చరిత్ర పాఠం ఉంది. కరువు ఆకాశం నుంచి వచ్చింది, కప్పం రాజు దగ్గర నుంచి వచ్చింది. కరువును మనవాళ్ళు అంతకుముందూ చూశారు, తట్టుకున్నారు. ఆ కరువులో కూడా కప్పం కట్టాల్సిందేనన్న ఆజ్ఞే యుద్ధం తెచ్చింది.

యువ మిత్రులారా, ఇప్పుడు అందరూ వాతావరణ సంక్షోభం గురించి మాట్లాడుతున్నారు. సంక్షోభంలోనే అవకాశం ఉంటుందని కూడా అంటున్నారు. ఉంటుంది, నిజమే. కానీ మన అడవి అంచున గత రెండు వందల ఏళ్ళలో వాతావరణం తెచ్చిన ప్రతి కష్టమూ ఎవరో ఒకరికి అవకాశమైంది. ఎవరికైంది, ఎందుకైంది అనేది చూస్తేనే ఈసారి మనం ఏం చేయాలో తెలుస్తుంది.

రెండు ఆనకట్టల కథ

1832-33లో కోస్తాలో పెద్ద కరువు వచ్చింది. దాన్ని నందన కరువు అన్నారు. ఒక్క గుంటూరు జిల్లాలోనే 5 లక్షల జనాభాలో సుమారు 2 లక్షల మంది చనిపోయారని అంచనా. శిస్తు రాబడి పడిపోయింది. చివరికి కంపెనీ ప్రభుత్వం కదిలింది. ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలై 1852కు పూర్తయింది. డెల్టా దశ తిరిగిపోయింది. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధాని, మైసూరు, హైదరాబాదు ప్రాంతాల్లో లక్షలాది మంది మాడి చనిపోతుంటే గోదావరి డెల్టా నుంచి బయటికి బియ్యం వెళ్ళింది. కరువు నుంచి పుట్టిన అవకాశం అంటే అది.

అదే గోదావరి మీద, అదే కాలంలో, మన దుమ్ముగూడెం దగ్గర ఇంకో ఆనకట్ట కట్టారు. దాని ఉద్దేశం వేరు. నాగపూర్, బేరారు ప్రాంతాల పత్తిని పడవల మీద సముద్రానికి చేర్చాలి. నదిలోని రాతి అడ్డంకులను దాటించడానికి ఆనకట్టలు, లాకులు, కాలువలు తలపెట్టారు. 1861-65 మధ్య అమెరికాలో అంతర్యుద్ధం వచ్చి అక్కడి పత్తి ఆగిపోయేసరికి ఈ పథకానికి ఇంకా ఊపు వచ్చింది. తరువాత రైళ్ళు వచ్చాయి. ఖర్చు పెరిగింది. 1871లో పథకాన్ని వదిలేశారు.

ధవళేశ్వరం ఆనకట్ట పొలాలకు నీళ్ళిచ్చింది. దుమ్ముగూడెం ఆనకట్ట మన ఒడ్డున ఉన్న చేలకు నీళ్ళివ్వడానికి కట్టింది కాదు. రెండూ రాయీ సున్నంతోనే కట్టారు. ఎవరి కోసం కట్టారన్న దగ్గరే తేడా వచ్చింది. ఇప్పుడు సీతారామ ఎత్తిపోతల పథకానికి నీళ్ళు తీసుకునేది కూడా ఈ ఆనకట్ట ఎగువనే. అందులో మన గూడేల వాటా ఎంత అని అడగడానికి ఈ పాత కథ తెలిసి ఉండాలి.

ఇంకో సంగతి. పడవల పథకం మూలపడిన ఆ 1871లోనే భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనుక్కున్నాడు. ఇల్లందు, కొత్తగూడెం, మణుగూరు గనుల బొగ్గు రైళ్ళను నడిపింది, కరెంటు ఇచ్చింది. భూమిని వేడెక్కిస్తున్న పొగలో మన నేల కింది బొగ్గు పొగ కూడా ఉంది. ఆ పొగతో సంపాదించుకున్నవాళ్ళు ఒకరు, వరదలోనూ ఎండలోనూ నలిగేవాళ్ళు ఇంకొకరు.

రేకపల్లి, 1879

భద్రాచలం తాలూకాను నిజాం 1860లో ఇంగ్లీషువాళ్ళకు అప్పగించాడు. మొదట అది సెంట్రల్ ప్రావిన్సుల్లో ఉండేది. 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మార్చారు. కాగితం మీద ఒక గీత మారింది. ఆ గీత మారడంతో రేకపల్లి సీమలో, అంటే నేటి వర రామచంద్రాపురం మండలం వైపు, పోడు మీద పన్ను దాదాపు మూడు రెట్లయింది. కొన్ని చోట్ల పోడు కొట్టడానికే వీల్లేదన్నారు. అటు రంప కొండల్లో కల్లు గీసుకున్నందుకు చిగురుపన్ను వేశారు.

ధాత కరువు ముగిసి ఏడాది తిరగకముందే, 1879 మార్చిలో రంప తిరుగుబాటు రాజుకుంది. అదే ఏడాది రేకపల్లికి పాకింది. అక్కడ అంబుల్ రెడ్డి నాయకుడు. రంప వైపు ద్వారబంధాల చంద్రయ్య, తమ్మన్న దొర నిలబడ్డారు. 1880కల్లా సర్కారు సైన్యం తిరుగుబాటును అణిచేసింది.

మేడారం కథలోని వరుసే ఇక్కడా కనిపిస్తుంది. ముందు చెడ్డ కాలం, తరువాత ఎవరో దూరాన కూర్చుని రాసిన లెక్క. పోడుకు ఎంత పన్ను, కల్లుకు ఎంత పన్ను అని రాసినవాడు ఆ కొండ ఎక్కి చూడలేదు. ఆ లెక్క రాసేటప్పుడు మనవాళ్ళను ఎవరూ అడగలేదు.

వాతావరణం పేరు చెప్పి తీసుకున్న అడవి

వాతావరణ మార్పు కొత్త మాట అని మనలో చాలామంది అనుకుంటారు. పందొమ్మిదో శతాబ్దంలోనే మద్రాసు సర్కారు అధికారులు ఈ మాట మాట్లాడారు. చెట్లు నరికితే వానలు తగ్గుతాయి, వాగులు ఎండిపోతాయి, కరువులు వస్తాయి అని ఎడ్వర్డ్ బాల్ఫోర్ వంటి వైద్యులు రాశారు. 1856లో మద్రాసు అటవీ శాఖకు మొదటి కన్సర్వేటర్‌గా వచ్చిన హ్యూ క్లెఘార్న్ కూడా అడవుల నాశనం గురించి గట్టిగా హెచ్చరించాడు. అడవికి, నీటికి ఉన్న సంబంధాన్ని వాళ్ళు సరిగానే పట్టుకున్నారు.

అయితే దోషిగా ఎవరిని చూపించారు? రైలు పట్టాల కింద వేసే స్లీపర్ల కోసం, ఓడల కోసం టేకు, మద్ది నరికించిన వ్యాపారం పెద్దదే. అయినా వేలు ఎక్కువగా పోడు చేసేవాడి వైపే చూపింది. ధాత కరువు తరువాత అడవుల రక్షణ మాటకు బలం పెరిగింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అన్న గీత పడింది. ఆ గీత లోపల తాతలనాటి పోడు నేరమైంది, పశువుల మేత నేరమైంది, వెదురు కొట్టుకోవడం నేరమైంది. 1922లో అల్లూరి సీతారామరాజు వెంట గాం గంటం దొర, మల్లు దొర లాంటివాళ్ళు నడవడానికి వెనుక ఈ అటవీ ఆంక్షల బాధ కూడా ఉంది.

ఇది మనం బాగా గుర్తుంచుకోవాల్సిన ఘట్టం. వాతావరణాన్ని కాపాడాలన్న మంచి మాటతోనే మన చేతిలోని అడవి పోయింది. మాట మంచిదైనంత మాత్రాన దాని కింద రాసిన షరతులు మనకు మంచి చేస్తాయని చెప్పలేం.

పెద్దల దగ్గరున్న చదువు

ఇంతకీ చెడ్డ కాలాలను మనవాళ్ళు ఎలా దాటారు? కోయల్లోనూ, కొండరెడ్లలోనూ పాత పోడు చేను ఒక్క పంట మీద ఆధారపడేది కాదు. జొన్న, సామ, కొర్ర, కంది, బొబ్బర, చిక్కుడు కలిపి వేసేవారు. ఒకటి ముందు కోతకు వస్తుంది, ఒకటి ఆలస్యంగా వస్తుంది. ఒకదానికి వాన చాలకపోయినా ఇంకొకటి నిలబడుతుంది. చేనిలో అన్నీ పోయిన ఏడాది అడవి ఉంది. ఇప్పపువ్వు, తునికి పండ్లు, అడవి దుంపలు, చింతపండు ఉన్నాయి. కొండరెడ్లకైతే జీలుగు చెట్టు కల్లు ఇస్తుంది, ఆకలి కాలంలో దాని మొదలు లోపలి గుజ్జు పిండి కూడా అవుతుంది.

పాపికొండల వైపు కొండరెడ్ల మధ్య తిరిగిన ఆస్ట్రియా దేశపు మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్ 1945లో వారి మీద ఒక పుస్తకమే అచ్చు వేశాడు. కలప, వెదురు వ్యాపారుల అప్పుల్లో వాళ్ళు ఎలా చిక్కుకున్నారో కూడా అందులో రాశాడు. చేతిలో ఇంత తెలివి ఉన్నవాళ్ళు అప్పుల పాలయ్యారంటే, తెలివికి తోడు హక్కు లేకపోవడమే కారణం.

పాత పోడు పద్ధతిని ఉన్నదున్నట్టు మళ్ళీ తేలేం. చేనును ఏళ్ళ తరబడి బీడుగా వదిలి ఇంకో చోటికి పోవడానికి ఇప్పుడు అంత నేల లేదు. కానీ దాని లోపలి సూత్రాన్ని తెచ్చుకోవచ్చు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి ఖమ్మం ప్రాంతపు మిరప తోటలను ఎలా ఊడ్చేసిందో చూశాం. మిరప ఒక్కటే వేసి, పెట్టుబడి మొత్తం అప్పు తెచ్చినవాళ్ళు కోలుకోలేకపోయారు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. మన అవ్వలు గాదెల్లో దాచిన సామలు, కొర్రలు పట్నం దుకాణాల్లో ప్యాకెట్లలో అమ్ముడవుతున్నాయి. విత్తనాల పండుగ నాడు, మన మాటలో విజ్జ పండుం నాడు, గూడెమంతా కలిసి విత్తనాన్ని వేల్పు ముందు పెట్టే ఆచారం పాత విత్తనాన్ని కాపాడిన ఆచారం. ఆ రోజున గూడెంలో ఎన్ని రకాల విత్తనాలు ఇంకా మిగిలి ఉన్నాయో లెక్క రాసి పెట్టుకుంటే, పండుగ పండుగలా జరుగుతుంది, విత్తనమూ దక్కుతుంది.

మళ్ళీ చేతికొచ్చిన హక్కులు

స్వాతంత్ర్యం తరువాత గీత కొంచెం కొంచెంగా మన వైపు జరిగింది. ఊరికే జరగలేదు, పోరాడితే జరిగింది. షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు 1959లో వచ్చాయి. 1970 సవరణతో ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డుకట్ట పడింది. మనం 1/70 అని పిలిచేది దాన్నే. 1996లో పెసా చట్టం గ్రామసభకు బలమిచ్చింది. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఏజెన్సీలో ప్రైవేటు గనుల లీజులకు అడ్డు చెప్పింది. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2023లో తెలంగాణ ప్రభుత్వం సుమారు లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చింది. అందులో మన భద్రాద్రి కొత్తగూడెం జిల్లాది పెద్ద వాటా.

పోడు పట్టా అంటే కుటుంబానికి దక్కే హక్కు. అదే చట్టంలో ఊరు మొత్తానికి దక్కే ఇంకో హక్కు ఉంది. ఊరి సంప్రదాయ హద్దుల్లోని అడవిని వాడుకునే, కాపాడుకునే, పెంచుకునే సామూహిక హక్కు అది. ఇప్పపువ్వు, తునికాకు, వెదురు, తేనె లాంటి చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం కూడా చట్టం ఇచ్చిందే. పట్టా కోసం తిరిగినంతగా దీని కోసం మనం తిరగలేదు. రాబోయే కాలంలో అసలు అవకాశం ఉన్నది ఇక్కడే.

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అనే గోండు గూడెం ఉంది. గోండులు మనకు పరాయివాళ్ళు కారు, కోయ మాట, గోండు మాట అక్కచెల్లెళ్ళు. ఆ ఊరికి 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. 2011లో వెదురు రవాణా పర్మిట్ల పుస్తకం గ్రామసభ చేతికే వచ్చింది. ఆ తరువాత తమ వెదురును తామే కొట్టి, తామే ధర మాట్లాడి అమ్ముకున్నారు. అడవిలో వెదురు ఎప్పటి నుంచో ఉన్నదే. పర్మిటు పుస్తకం చేతికి రావడంతో దాని డబ్బు ఊరికి రావడం మొదలైంది.

గాలికి కట్టే ధర

ఇప్పుడు కొత్త సంత ఒకటి వచ్చింది. చెట్టు గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది కాబట్టి, ఆ పీల్చుకున్న దానికి లెక్క కట్టి అమ్ముకోవచ్చు. దాన్ని కార్బన్ క్రెడిట్ అంటున్నారు. ఇది మన దగ్గరికి ఎప్పుడో వచ్చింది. 2003లో పాత ఆదిలాబాద్ జిల్లా పవర్‌గూడ ఆదివాసీ మహిళలు కానుగ చెట్లు పెంచి, డీజిలుకు బదులు కానుగ నూనె వాడితే తగ్గే 147 టన్నుల వాయువుకు గాను ప్రపంచ బ్యాంకు నుంచి 645 డాలర్లు అందుకున్నారు. డబ్బు చిన్నదే. కానీ అమ్మింది మహిళా సంఘం, డబ్బు చేరిందీ ఆ సంఘానికే.

2009లో మన ఖమ్మం జిల్లాలోనే, ఐటీసీ సామాజిక అటవీ పథకం కింద రైతుల బీడు భూముల్లో పెంచిన సుమారు 3 వేల హెక్టార్ల తోటలు ఐక్యరాజ్యసమితి కార్బన్ పథకంలో నమోదయ్యాయి. ఎక్కువగా వేసింది కాగితపు గుజ్జుకు పనికొచ్చే జామాయిల్. కాగితం ఉన్న భూమి మీదే అలాంటి పథకం నడుస్తుంది. పట్టా లేని పోడు రైతు ఆ వరుసలో నిలబడలేడు. ఇప్ప, చింత, కరక్కాయ లాంటి చెట్లు అడవిలో ఎన్ని ఉన్నా, హక్కు పత్రం లేని ఊరికి వాటి లెక్క రాదు.

2023లో కేంద్రం గ్రీన్ క్రెడిట్ నిబంధనలు తెచ్చింది. క్షీణించిన అటవీ భూముల్లో మొక్కలు నాటించే కంపెనీలకు క్రెడిట్లు ఇస్తారు. ఇక్కడే 1882ను గుర్తు చేసుకోవాలి. క్షీణించిన అడవి అని మ్యాపు మీద ఎవరు రాస్తారు? మనం పశువులు మేపే గుట్ట, బీడుగా వదిలిన పాత పోడు, అడ్డాకు ఏరుకునే పొద ఆ మ్యాపులో ఖాళీ జాగాగా కనపడొచ్చు. సామూహిక హక్కు ముందే నమోదై ఉంటే, ఆ పథకంతో బేరం ఆడేది గ్రామసభ. లేకపోతే మన గుట్ట మీద మనం కూలికి గుంటలు తవ్వాల్సి రావచ్చు.

వరద గుర్తులు

వాతావరణ సంక్షోభం మనకు ముందుగా నీళ్ళ రూపంలో వస్తోంది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. 2022లో జూలై నెలలోనే 71.3 అడుగులు వచ్చింది. ఆగస్టు వరద అని అనుకునే పెద్దల లెక్కకు అది ముందే వచ్చింది. మొదటి హెచ్చరిక 43 అడుగులకు, రెండోది 48కి, మూడోది 53కి అని టీవీలో చెబుతారు. ఆ అంకెలు భద్రాచలం వంతెన దగ్గరివి. మన వాగు ఒడ్డు గూడెంలో ఆ అంకెకు నీళ్ళు ఎక్కడికి వస్తాయో సర్కారు దగ్గర లెక్క ఉండకపోవచ్చు, మన పెద్దల దగ్గర ఉంటుంది. గోదావరి నిండితే కూనవరం దగ్గర శబరి నీళ్ళు కలవలేక వెనక్కి తన్నుతాయని, ఏ వాగు ముందు ఎక్కుతుందో, ఏ దారి ముందు మునుగుతుందో వాళ్ళు చెప్పగలరు.

ఆ లెక్కను కాగితం మీదికి తెద్దాం. 1986లో ఎక్కడిదాకా వచ్చింది, 2022లో ఎక్కడిదాకా వచ్చింది అని పెద్దలను అడిగి బడి గోడ మీద, కరెంటు స్తంభం మీద రంగుతో గుర్తు పెడదాం. తేదీ రాసి ఫోటో తీసి పెడదాం. రేపు పునరావాసం జాబితా వచ్చినా, పరిహారం జాబితా వచ్చినా, ఎత్తైన చోట ఇళ్ళ స్థలాలు అడగాల్సి వచ్చినా అదే మన సాక్ష్యం.

లెక్క మన చేత్తో రాద్దాం

మన తాతలు అడవిని చదివారు, కాగితాన్ని చదవనివ్వలేదు. కప్పం లెక్క, పోడు పన్ను లెక్క, రిజర్వు హద్దు, పర్మిటు పుస్తకం, ఇవన్నీ వేరేవాళ్ళ చేతిలోనే ఉన్నాయి. అందుకే కష్టకాలం మనకు కష్టంగానే మిగిలింది, అవకాశం ఇంకొకరి ఇంటికి పోయింది. మీ తరం కాగితమూ చదవగలదు, ఫోనులో మ్యాపూ గీయగలదు. అడవిని చదివినవాళ్ళు ఇంకా మన ఇళ్ళల్లో బతికే ఉన్నారు. ఈ రెండూ ఒకే గూడెంలో కలిసిన కాలం ఇంతకు ముందు లేదు, ఎంతోకాలం ఉండదు కూడా. పెద్దలు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు.

అందుకని ఈ ఏడాది ప్రతి ఊళ్ళో నలుగురు కలిసి పెద్దలను వెంటబెట్టుకుని ఊరి అడవి హద్దు తిరగండి. ఏ గట్టు వాళ్ళది ఏ వేల్పు చోటు, ఏ వాగు దాకా మనది, ఇప్పచెట్లు ఎక్కడెక్కడ, తేనె గుట్ట ఏది అన్నది రాయండి. దాన్ని గ్రామసభలో చదివి, తీర్మానం చేసి, సామూహిక హక్కుకు దరఖాస్తు పెట్టండి. రసీదు తప్పకుండా తీసుకోండి. చెట్ల పేరుతోనో, గాలి పేరుతోనో ఎవరైనా ఒప్పంద పత్రం తెస్తే నాలుగు ప్రశ్నలు అడగండి. భూమి మీద హక్కు ఎవరికి ఉంటుంది? ఎన్నేళ్ళు? మేత, ఇప్పపువ్వు, వంట చెరకు మీద ఆంక్షలేమిటి? డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? జవాబు తెలుగులో రాతపూర్వకంగా రాకపోతే, గ్రామసభ దాకా రాకపోతే, సంతకం పెట్టకండి.

ఉట్నూరు వైపు మన అక్కచెల్లెళ్ళు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఒకప్పుడు కరువు తిండి అని చిన్నచూపు చూసిన పువ్వే అది. ఎండలు ముదిరినా ఇప్పచెట్టు పూస్తూనే ఉంది. కింద రాలిన పువ్వు ఎవరిదన్న ప్రశ్నకు చట్టంలో జవాబు ఉంది. ఆ జవాబును మన ఊరి పేరు మీద రాయించుకోవడమే మన పని.